ఆటు, పోటు

మొదటి ఏడాది మా మ్యాచ్‌ల పట్టిక
ఎవరూ వెయ్యలేదు. చంద్రుడే వేశాడు.
చర్చి వెనకున్న పచ్చిక మైదానం మగవాళ్లది.
అడిగితే, గడ్డి మొలవనివ్వండన్నారు ఒకసారి,
ఆవులు మేస్తున్నాయన్నారు ఇంకోసారి,
వచ్చే ఏడు చూద్దామన్నారు నాలుగేళ్లు వరసగా.
సముద్రం మాత్రం ఒక్క మాటా అనకుండా
ఆదివారం పదీ నలభైకి వెనక్కి జరిగి
నల్లటి తడి ఇసక మా ముందు పరిచింది.
పన్నెండూ ఇరవైకి మళ్లీ చుట్టేసుకుంటుంది.
ఆటు ఉన్నంతసేపే ఆట.
పోటొచ్చిందంటే ఇక పోటీ నీళ్లతోనే.

చిలోయె దీవుల్లో వాన గురించి ఎవరూ మాట్లాడరు,
ఊపిరి గురించి మాట్లాడనట్టే.
ఆ వానలో మూడు జట్లు: ఆల్చిప్పల ఫ్యాక్టరీ వాళ్లు,
నాచు ఏరేవాళ్లు, బడి వంటవాళ్లు.
పదకొండు మందికి తొమ్మిది చొక్కాలు,
మిగతా ఇద్దరికీ చేతికి ఎర్ర గుడ్డపేలిక.
రిఫరీ, పడవ నడిపే ఎలియాసర్.
పొగమంచులో రేవు దగ్గర ఊదే ఈలే మాకూ ఊదేవాడు.
అది విని ఒకసారి ఎవరో ముసలి దంపతులు
బంగాళాదుంపల మూటలతో పరిగెత్తుకొచ్చారు
పడవ వెళ్లిపోతోందనుకుని.
వచ్చినవాళ్లు మూటల మీద కూర్చుని చివరిదాకా చూశారు.
మా మొదటి ప్రేక్షకులు.

నేను ఆడలేదు.
నా మోకాలు ఫ్యాక్టరీ మెట్ల మీదే పోయింది.
లెక్కల పుస్తకం నాది:
ఒక పేజీలో ఆల్చిప్పల కిలోలు, ఎదురు పేజీలో గోల్స్.

చివరి నిమిషాల్లో కార్నర్ జెండా నీళ్లలో నిలబడేది.
ఎదెల్మిరా బంతిని తేలనిచ్చి
అల వెనక్కి లాగే క్షణం చూసి తన్నేది.
ఆ దెబ్బకి పేరు లేదు.
పట్నం నుంచి వచ్చిన శిక్షకుడు
అది తప్పని చెప్పి, ఇంకోసారి తన్నమన్నాడు.

ఇప్పుడు ఆరో ఏడు. పదకొండు జట్లు, రెండు అంచెలు.
పట్నంలో ప్లాస్టిక్ గడ్డి, నాలుగు దీపస్తంభాలు,
అందరి వీపుల మీదా అంకెలు.
మొన్నటిదాకా నాచు బుట్ట మోసిన నయాదెత్‌కి
గుర్తింపు కార్డు. ఫోటోలో నవ్వకూడదన్నారట.
నవ్వింది.
ఇదంతా ఊరికే రాలేదు,
ఒతీలియా ఎన్ని ఆఫీసుల మెట్లెక్కిందో
ఆవిడ బూట్ల అడుగులు చెబుతాయి.
పట్టిక కూడా ఇప్పుడు అచ్చయి వస్తుంది.
తేదీ, గంట, మైదానం.
చంద్రుణ్ణి ఎవరూ అడగలేదు.

మార్చి రెండో ఆదివారం, పొద్దున తొమ్మిదింటికి
చిట్టచివరి దీవి జట్టు పడవ
దారిలో ఆటుకి చిక్కి
పొదుగుతున్న కోడిలా బురదలో కూర్చుండిపోయింది.
ఎదెల్మిరా జట్టు దీపస్తంభాల కింద పావుగంట నిలబడింది.
నిబంధన ప్రకారం మూడు సున్నా.
రాయమన్నారు, రాశాను: గైర్హాజరు.
ఆరేళ్లలో మొదటిసారి పెన్సిల్‌తో.

ఆ మూడు పాయింట్లు ఎదెల్మిరాకి
చేపముల్లయి గొంతులో దిగబడ్డాయి.
"ఎలియాసర్, పడవ తియ్" అంది.
వెళ్లగలిగినంత దూరం పడవలో,
మిగతాది మోకాల్లోతు బురదలో.
ఒరిగిన పడవ పక్కన
లైఫ్ జాకెట్లే గోల్ స్తంభాలు.
ఎవరి వీపు మీద ఏ అంకో
పది నిమిషాలకే బురద చెరిపేసింది.
రెండు రెండు.
మూడో గోల్ గీత దాటిందో లేదో తేలకముందే
నీళ్లొచ్చి పడవ లేచింది,
అందరూ దాని వెంట పరిగెత్తారు.
బంతి ఇంకా దొరకలేదు.

ఈ రెండు రెండు ఎక్కడిదని
సమావేశంలో అధికారి నా పుస్తకం మీద వేలు పెట్టాడు.
ఒతీలియా కోటు జేబులోంచి
జాలర్లు వాడే ఆటుపోట్ల పుస్తకం తీసి,
ఉప్పు మరకలతో, ఒక మూల ఎలక కొరికింది,
ఆయన టీ కప్పు పక్కన పెట్టింది.

నిన్న వచ్చిన కొత్త పట్టికలో
చివర ఒక గడి ఎక్కువుంది.
పైన ఏ పేరూ అచ్చు వెయ్యలేదు,
అందులో ఏం రాయాలో ఆఫీసుకి తెలీదు కాబోలు.
నేను పెన్సిల్ చెక్కుకుంటున్నాను.